కారు బ్యాటరీ మార్చాక రిజిస్ట్రేషన్ చేయించాలా? మీ కారుకి కావాలో లేదో ఇలా చూస్కోండి

బ్యాటరీ మార్చడానికి ఇంటికొచ్చిన కుర్రాణ్ని "రిజిస్ట్రేషన్ చేశావా తమ్ముడూ" అని అడిగా. "చేసేశానన్నా, మీ ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చుంటది చూడండి" అన్నాడు. చూశా, వచ్చింది, సరేలే అనుకుని డబ్బులిచ్చి పంపించేశా. ఎనిమిది నెలల తర్వాత గానీ అర్థం కాలేదు, అతను చేసింది బ్యాటరీ కంపెనీ వారంటీ రిజిస్ట్రేషన్, నేను అడిగింది కారు కంప్యూటర్‌లో చేయాల్సిన రిజిస్ట్రేషన్. అతను అబద్ధమేం చెప్పలేదు, ఇద్దరం ఒకే మాట వాడాం, అంతే. ఆ ఒక్క మాట వల్ల నాకు ఒక బ్యాటరీ పోయింది, అందుకే ఇదంతా ఓపిగ్గా రాస్తున్నా, మీ కారుకి ఇది అవసరమైతే మాత్రం మీరు మోసపోకుండా ఉంటారని.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. కొంతమంది బ్యాటరీ రిజిస్ట్రేషన్ అనగానే ఆర్టీవో ఆఫీసుకెళ్లాలేమో అనుకుంటారు. అక్కర్లేదు, ఆర్సీలో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి గానీ మామూలు 12 వోల్టుల బ్యాటరీ వివరాలేం ఉండవు. రెండోది వారంటీ రిజిస్ట్రేషన్, అంటే బ్యాటరీ సీరియల్ నంబరు, మీ బండి నంబరు, ఫోన్ నంబరు కంపెనీ దగ్గర ఎక్కించడం, ఇది షాపు వాళ్లే చేస్తారు, ప్రతి కారుకీ చేయించుకోవాలి, బిల్లు కూడా దాచుకోవాలి. మూడోది అసలు సంగతి: కారులో ఉన్న కంప్యూటర్‌కి "పాత బ్యాటరీ తీసేశాం, కొత్తది పెట్టాం" అని చెప్పడం. ఇది అన్ని కార్లకీ ఉండదు.

కారుకి ఎందుకు చెప్పాలి అంటారా. పాత కార్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు తయారుచేసేది) ఇంజిన్ తిరుగుతున్నంత సేపూ సుమారు 14 వోల్టులు ఇస్తూ పోతుంది, బ్యాటరీ కొత్తదా పాతదా దానికి సంబంధం లేదు. కొత్త తరం కార్లలో, ముఖ్యంగా యూరప్ కంపెనీల వాటిలో, అలా కాదు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, అది బ్యాటరీలోకి ఎంత కరెంటు పోతోంది, ఎంత బయటికొస్తోంది, వోల్టేజ్ ఎంత, వేడి ఎంత అని చూస్తూ ఉంటుంది. ఆ లెక్కలన్నీ కంప్యూటర్ దాచుకుని, ఈ బ్యాటరీ ఇన్ని ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే అంకె) ఉన్నది, ఈ రకంది, ఇంత పాతబడింది అని అంచనా వేసి దాన్నిబట్టి ఎంత చార్జ్ చేయాలో ఆల్టర్నేటర్‌కి చెప్తుంది. డీజిల్, పెట్రోల్ ఆదా చేయడానికి బ్రేక్ వేసినప్పుడు ఎక్కువ చార్జ్ చేసి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తగ్గిస్తుంది కూడా.

మీరు నాలుగేళ్ల బ్యాటరీ తీసి కొత్తది పెట్టి చెప్పకుండా వదిలేస్తే, కంప్యూటర్ ఇంకా ఆ నాలుగేళ్ల ముసలి బ్యాటరీనే చార్జ్ చేస్తున్నా అనుకుంటుంది. ముసలిదానికి వేసిన లెక్క కొత్తదానికి వాడుతుంది అన్నమాట. ఏమవుతుంది? కారు స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, ఆ రోజు ఏం తేడా తెలీదు. రిజిస్టర్ చేయకపోతే బండి కదలదని భయపెట్టే వాళ్ల మాట నమ్మకండి. నష్టం నెమ్మదిగా వస్తుంది: బ్యాటరీ ఉండాల్సినన్నాళ్లు ఉండదు, స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్ట్ అవడం) పనిచేయడం మానేస్తుంది, ఆపిన కాసేపటికే పాటలు ఆగిపోయి బ్యాటరీ తక్కువుందని మెసేజ్ వస్తుంది. అదే రకం, అదే ఏహెచ్ పెట్టి ఉంటే నష్టం తక్కువే, అలా ఏళ్ల తరబడి నడిపిన వాళ్లున్నారు. రకం మారిందంటే మాత్రం కథ వేరు, నాకు జరిగింది అదే.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎండబ్ల్యూ 320డీ. దాంట్లో ముందు నుంచీ ఉన్నది 90 ఏహెచ్ ఏజీఎం బ్యాటరీ. షాపాయన "స్టాక్ లేదు సార్, 80 ఏహెచ్ వేస్తా, ఏం కాదు, చాలామందికి వేశా" అని మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టించాడు, రేటు దాదాపు సగం కాబట్టి నేనూ ఒప్పేసుకున్నా. తేడా ఏంటంటే ఏజీఎంలో యాసిడ్ గాజు పీచు లాంటి మ్యాట్‌లో పీల్చుకుని ఉంటుంది, దానికి తగ్గట్టు 14.8 వోల్టుల దాకా ఇచ్చినా తట్టుకుంటుంది. మామూలు బ్యాటరీలో యాసిడ్ నీళ్లలా ఉంటుంది, దానికి రోజూ అంత వోల్టేజ్ ఇస్తే లోపల బుడగలు లేచి నీరు గ్యాసై పోతుంది. నా కారేమో లోపల ఇంకా ఏజీఎమ్మే ఉందనుకుని చార్జ్ చేస్తూ పోయింది. ఎండాకాలం వచ్చింది, మే నెలలో ఒకరోజు డిక్కీ తెరిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమని కొట్టింది. కార్పెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, పైన మూత చుట్టూ తడి, టెర్మినల్ మీద తెల్లటి పొడి, గ్యాస్ బయటికి పోవాల్సిన సన్నటి పైపు అసలు తగిలించనేలేదు, పక్కన వేలాడుతోంది. వెనక సీట్లో పిల్లలు కూర్చునే కారది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు.

మీకెప్పుడైనా అలాంటి వాసన వస్తే స్టార్ట్ చేయకండి, జంపర్ వేయకండి, సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రానీయకండి. డోర్లు అన్నీ తెరిచిపెట్టి దూరంగా జరిగి మెకానిక్‌ని పిలవండి. చార్జ్ ఎక్కువైతే వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది, ఆ కోడిగుడ్డు వాసన గ్యాసు విషం.

సరే, ఇప్పుడు మీ కారుకి ఇది కావాలా వద్దా ఎలా తెలుస్తుంది. మొదట నెగటివ్ టెర్మినల్ చూడండి, నల్ల వైరు తగిలించే చోట చిన్న ప్లాస్టిక్ డబ్బీ లాంటిది ఉండి దానికి సన్నటి వైరు ఒకటి వేరుగా వస్తుంటే సెన్సర్ ఉన్నట్టు. అది లేకుండా ఒట్టి వైరు, క్లాంపు మాత్రమే ఉంటే మీకీ గోలే లేదు, పాత స్విఫ్ట్, ఐ10, ఇండికా, పాత ఇన్నోవా లాంటి వాటికి బ్యాటరీ మార్చి హాయిగా పోవచ్చు. సెన్సర్ ఉన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ కావాలనీ కాదు, చాలా కంపెనీలు సెన్సర్ పెట్టినా అది తనంతట తానే నేర్చుకునేలా చేశాయి. హ్యుందాయ్ సంగతే చూడండి, ఏజీఎం బ్యాటరీ, స్టార్ట్ స్టాప్ ఉన్న మోడల్స్‌లో బ్యాటరీ మార్చాక ఇగ్నిషన్ ఆఫ్ చేసి సుమారు 4 గంటలు కారుని కదపకుండా వదిలేయమని ఓనర్ మాన్యువల్‌లోనే ఉంటుంది, ఆ టైములో సెన్సర్ లెక్క సరిచేసుకుంటుంది. రాత్రి మార్చి పొద్దున తీస్తే సరిపోయె.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకోవాల్సినవి: బీఎండబ్ల్యూ, మినీ అయితే 2000ల మధ్య నుంచి వచ్చిన చాలా మోడల్స్. ఆడి అయితే ఏ4, ఏ6, క్యూ5 లాంటివి. ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో స్టార్ట్ స్టాప్ ఉన్న పెద్ద కార్లు, అంటే టిగువాన్, సూపర్బ్, ఆక్టావియా లాంటివి. ఫోర్డ్‌లో చాలా మోడల్స్, ల్యాండ్ రోవర్, జాగ్వార్. వీటిలో ఏదైనా ఉంటే ఓనర్ మాన్యువల్‌లో బ్యాటరీ పేజీ తీసి చదవండి, "బ్యాటరీ మార్చాక వర్క్‌షాప్‌లో సిస్టమ్‌కి తెలియజేయాలి" అనే అర్థం వచ్చే లైను ఉందేమో చూడండి. డౌట్ ఉంటే చాసిస్ నంబరు చెప్పి డీలర్ సర్వీసుకి ఫోన్ చేయండి, అడగడానికి డబ్బులేం తీసుకోరు.

బ్యాటరీ కొనేటప్పుడే సగం పని అయిపోవాలి. పాత బ్యాటరీ స్టిక్కర్ ఫోటో తీసుకోండి, మూడు విషయాలు చూడండి: రకం, ఏహెచ్, సైజు. రకం అంటే మామూలుదా, ఈఎఫ్‌బీనా (మామూలు రకాన్నే ఇంకాస్త గట్టిగా చేసింది), ఏజీఎమ్మా. స్టార్ట్ స్టాప్ ఉన్న కారులో ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ ఉంటుంది, ఏజీఎం వచ్చిన కారుకి ఏజీఎమ్మే వేయండి, దయచేసి నాలాగ రేటు చూసి దిగిపోవద్దు. సీసీఏ అని ఇంకో అంకె ఉంటుంది, స్టార్టింగ్‌లో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది, అది పాతదానికంటే తక్కువ కాకుండా చూస్కోండి. మన తిరుపతి పక్కన కరకంబాడిలో పుట్టిన అమరాన్ తీస్కుంటారో, ఎక్సైడ్ తీస్కుంటారో, వార్టా తీస్కుంటారో మీ ఇష్టం, కంపెనీ పేరు కంటే ఈ లెక్కలు కలవడం ముఖ్యం. షాపులోనే మీటర్ పెట్టించి చూడండి, బాగా ఉన్న కొత్త బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు పైన చూపించాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు చార్జే ఉన్నట్టు, 12.2 అంటే సగం, అలాంటిది ర్యాక్‌లో ఎన్ని నెలలు కూర్చుందో. తయారీ నెల కూడా అడగండి. మన ఎండలకి బ్యాటరీలు ఎలాగూ త్వరగా పోతాయి, పాత స్టాక్ తెచ్చుకుని ఇంకా తగ్గించుకోవడం ఎందుకు.

మార్చేటప్పుడు జాగ్రత్తలు. కారు ఆపేసి, బ్యాటరీ డిక్కీలో ఉంటే డిక్కీ, బానెట్ కింద ఉంటే బానెట్ తెరిచి పెట్టి, తాళం జేబులో వేసుకుని అరగంట ఆగండి, కారులో కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి. డిక్కీలో బ్యాటరీ ఉన్న కార్లలో పని అయ్యేదాకా డిక్కీ మాత్రం మూయొద్దు, లాక్ కరెంటుతో పనిచేసేది కాబట్టి బ్యాటరీ లేనప్పుడు మూసుకుపోతే తెరవడానికి నానా తంటాలు పడాలి. 10 నంబరు స్పానర్‌తో ముందు నెగటివ్ ఊడదీయండి, తర్వాత పాజిటివ్. పెట్టేటప్పుడు తిరగేసి, ముందు పాజిటివ్, చివర్న నెగటివ్. నెగటివ్ క్లాంపు మీద ఆ సెన్సర్ ఉంటుంది కదా, స్క్రూ డ్రైవర్ పెట్టి తన్నొద్దు, సుత్తితో కొట్టొద్దు, చేత్తో అటూ ఇటూ ఆడిస్తూ లాగండి, అది పగిలితే బ్యాటరీ ఖర్చుకి తోడు ఇంకో ఖర్చు. బీఎండబ్ల్యూలో పాజిటివ్ టెర్మినల్‌లో యాక్సిడెంట్ అయినప్పుడు కరెంటు తెంచేసే చిన్న పేలుడు మందు ఉంటుంది, దాన్ని విప్పదీయడం లాంటివి అస్సలు చేయొద్దు, క్లాంపు వరకే మన పని. గ్యాస్ పైపు తగిలించారో లేదో మీరే వేలు పెట్టి చూడండి, కింద బిగించే బోల్టు కూడా.

ఇక రిజిస్ట్రేషన్. బీఎండబ్ల్యూలో ఇది నిజంగా పది నిమిషాల పని. స్టీరింగ్ కింద డ్రైవర్ కాళ్ల దగ్గర ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్‌తో మాట్లాడటానికి టూల్ తగిలించే సాకెట్) ఉంటుంది, దానికి బ్లూటూత్ లేదా వైఫై అడాప్టర్ ఒకటి పెట్టి ఫోన్‌లో బిమ్మర్‌లింక్ లాంటి యాప్‌తో కలపాలి. అడాప్టర్ మాత్రం యాప్ వాళ్లు చెప్పిన లిస్టులోదే కొనండి, బాగా చవకవి మధ్యలో తెగిపోతాయి, కంప్యూటర్‌లో రాస్తుండగా తెగడం మంచిది కాదు. ఇగ్నిషన్ ఆన్ చేయాలి, ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. లైట్లు, ఏసీ ఆపేయండి. యాప్‌లో బ్యాటరీ రిజిస్టర్ చేసే ఆప్షన్ నొక్కితే కారు ఇప్పుడున్న కిలోమీటర్ల దగ్గర కొత్త బ్యాటరీ వచ్చిందని రాసుకుని పాత లెక్కలు చెరిపేస్తుంది. తర్వాత ఇగ్నిషన్ ఆపి, లాక్ చేసి, కాసేపు వదిలేయండి. అంతే.

కానీ ఒక్క మెలిక. రిజిస్టర్ చేయడం వేరు, కోడింగ్ వేరు. పెట్టింది అదే రకం, అదే ఏహెచ్ అయితే రిజిస్టర్ ఒక్కటి చాలు. 80 తీసి 90 పెట్టినా, మామూలుది తీసి ఏజీఎం పెట్టినా ముందు కోడింగ్‌లో ఆ కొత్త ఏహెచ్, రకం మార్చి, ఆ తర్వాత రిజిస్టర్ చేయాలి. కోడింగ్ మీకు అలవాటు లేకపోతే మీరు చేయకండి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చి చేసే స్పెషలిస్టులు హైదరాబాద్, విజయవాడ ఆటోనగర్, వైజాగ్ ఇలా అన్నిచోట్లా ఉన్నారు. వాళ్లని కూడా "కోడింగ్ చేసి రిజిస్టర్ చేశారా" అని రెండు మాటలూ విడివిడిగా అడగండి, నా అనుభవం వల్ల చెప్తున్నా.

ఆడి, ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో పద్ధతి వేరే. అక్కడ ఆ కార్ల కంప్యూటర్లని చదివి మార్చే టూల్స్, వీసీడీఎస్ కేబుల్ గానీ ఓబీడీఎలెవన్ గానీ కావాలి, అందులో 19 నంబరు గేట్‌వే మాడ్యూల్‌లోకి (కారులోని కంప్యూటర్లన్నిటినీ కలిపేది) వెళ్లాలి, పాత ఆడి మోడల్స్ కొన్నిట్లో 61 నంబరు. అక్కడ బ్యాటరీ వివరాలు ఎక్కించాలి: ఏహెచ్, రకం, తయారీదారు కోడ్ మూడక్షరాలు (వార్టాకి వీఏ0 అని ఉంటుంది), పది అంకెల సీరియల్ నంబరు. కంపెనీ బ్యాటరీల మీద బీఈఎం అని ఒక స్టిక్కర్ ఉంటుంది, ఇవన్నీ దాని మీదే ఉంటాయి. మన దగ్గర బయట కొన్న బ్యాటరీకి ఆ స్టిక్కర్ ఉండదు, అప్పుడేం చేయాలని చాలామంది ఆగిపోతారు. ఏహెచ్, రకం కరెక్టుగా ఉంచి, పాత సీరియల్ నంబరులో చివరి అంకె ఒక్కటి మార్చి సేవ్ చేస్తే చాలు, నంబరు మారింది కాబట్టి కొత్త బ్యాటరీ అని కారు ఒప్పేసుకుంటుంది. రకం దగ్గర ఫ్లీస్ అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఏజీఎమ్మే, వాళ్ల జర్మన్ పేరు నుంచి వచ్చిన మాట. మార్చే ముందు పాత విలువలన్నీ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట, అక్కడ బ్యాటరీ అమ్మిన షాపులో చాలాసార్లు బిగించి ఇస్తారు గానీ ఈ రిజిస్ట్రేషన్ వాళ్ల పనిలో ఉండకపోవచ్చు, కొనే ముందే అడిగి తెలుసుకోండి. ఫోర్డ్ ఎఫ్150, మస్టాంగ్ లాంటి కొన్ని మోడల్స్‌కి అయితే టూల్ కూడా లేకుండా రీసెట్ చేసే పద్ధతి ఉంది: ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, హై బీమ్ 5 సార్లు కొట్టి, బ్రేక్ 3 సార్లు తొక్కి వదలాలి, పదిహేను సెకన్లలోపు డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు మూడుసార్లు వెలిగి ఆరితే అయినట్టు. వెలగకపోతే మీ మోడల్‌కి ఇది పనిచేయదని అర్థం, ఫోర్‌స్కాన్ లాంటి టూల్‌తో చేయాలి. టయోటా, హోండా నడిపేవాళ్లలో చాలామందికి ఈ బెడద లేదు.

అంతా అయ్యాక కొన్ని చిన్న చిన్నవి వస్తాయి, వాటికి భయపడొద్దు. టైము, తేదీ పోతాయి. స్టీరింగ్ లేదా ట్రాక్షన్ లైటు పసుపు రంగులో వెలగొచ్చు, స్టీరింగ్ ఎడమ చివరి దాకా, కుడి చివరి దాకా తిప్పి కాస్త దూరం నడిపితే ఆరిపోతుంది. పవర్ విండో ఒక్క నొక్కుకి పూర్తిగా ఎక్కకపోతే అద్దం పైదాకా ఎత్తి ఆ బటన్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి. పాత స్టీరియో ఉంటే కోడ్ అడగొచ్చు, ముందే వెతికి పెట్టుకోండి. స్టార్ట్ స్టాప్ వెంటనే రాదు, సెన్సర్‌కి నమ్మకం కుదరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. మీటర్ పెట్టి చూస్తే నడుస్తున్న ఇంజిన్‌లో కూడా ఒక్కోసారి 13 కిందకి రావడం చూసి ఆల్టర్నేటర్ పోయిందనుకుని దాన్ని కూడా మార్చేయకండి, ఇలాంటి కార్లలో నిండిన బ్యాటరీకి చార్జింగ్ తగ్గించడం దాని పద్ధతే.

మరి నెలల క్రితమే మార్చేసి రిజిస్టర్ చేయించకుండా తిరుగుతున్నవాళ్ల సంగతి? రకం, ఏహెచ్ సరిపోయి ఉంటే ఈ వారమే చేయించేయండి, లేటైనా మంచిదే. రకమే తప్పైతే ముందు బ్యాటరీ తీయించండి, లేదా ఉన్నదానికి తగ్గట్టు కోడింగ్ చేయించండి. కానీ నాలుగేళ్ల బ్యాటరీ నీరసించిందని మళ్లీ రిజిస్టర్ చేస్తే బాగవుతుందని ఎవరైనా చెప్తే వినొద్దు. అలా చేస్తే పాతదాన్ని కొత్తదని కారుకి నమ్మించినట్టవుతుంది, దానికి కావాల్సిన చార్జింగ్ కూడా అందదు, తర్వాత నిజంగా కొత్తది పెట్టేసరికి పాత చరిత్ర కూడా ఉండదు.

నేను రెండోసారి ఏజీఎం పెట్టించినప్పుడు పాత ఉబ్బిన బ్యాటరీని షాపులోనే ఇచ్చేశా, పాతదానికి రేటు కట్టి బిల్లులో తగ్గిస్తారు, లోపల సీసం ఉంటుంది కాబట్టి ఇంట్లో పెట్టుకోవడం గానీ చెత్తలో పడేయడం గానీ వద్దు. ఆ తర్వాత స్పెషలిస్ట్ ముందు కూర్చుని స్క్రీన్ మీద 90 ఏహెచ్ ఏజీఎం అని ఉందో లేదో చూసి, రిజిస్టర్ అయిన కిలోమీటర్లు ఫోటో తీసుకున్నా. ఇప్పుడు నా బ్యాటరీ మీద తెల్ల టేపు ఒకటి అంటించి ఉంది, దాని మీద పెట్టిన తేదీ, కిలోమీటర్లు, 90 ఏహెచ్ ఏజీఎం, రిజిస్టర్ అయింది అని మార్కర్‌తో రాసి పెట్టా, రేపు కారు ఎవరికమ్మినా, ఏ మెకానిక్ డిక్కీ తెరిచినా కనిపించేలా.